సైకిల్‌కి దారేది?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాను. రోడ్డంచున కార్లు ఆపేస్తారు, తప్పించుకుని మధ్యలోకొస్తే వెనక నుంచి ఒకటే హారన్లు. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: అడ్డంగా పెట్టిన కార్ల సంగతి ట్రాఫిక్ పోలీసులు చూడాలి. గతుకులు, వాననీటి జాలీలు మున్సిపల్ కార్పొరేషన్ పని. జాలీ సందులు రోడ్డు వెంబడి నిలువుగా ఉంటే సన్నటి టైరు అందులో దిగి మనిషి పడతాడు, కాబట్టి ఫొటో తీసి సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, మంచిదే, కానీ అక్కడిదాకా వెళ్లేదెలా? ఫ్లైఓవర్‌కి ఉన్న మోజు నాయకులకి సైకిల్ దారి మీద లేదు, ఇది మారాల్సిందే. ఓట్లడగడానికి వచ్చినప్పుడు కాలనీవాళ్లంతా కలిసి అడగండి, రోజూ సైకిల్ తొక్కే వాచ్‌మన్లని కూడా వెంట తీసుకెళ్లండి.