క్లాసులోనే రీసెర్చ్ చేయాలనుకుంటే ప్రశ్న చిన్నదిగా పెట్టుకో

ప్రశ్న: సార్, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక బీఎడ్‌లో చేరాను, ఇప్పుడు రెండో ఏడాది. డీఎస్సీ రాసి ఫిజికల్ సైన్స్ టీచర్ కావాలని, పాఠాలు చెబుతూనే పరిశోధన కూడా చేయాలని కోరిక. సిలబస్ పూర్తి చేయడానికే టైమ్ చాలదు, ఇంక రీసెర్చ్ ఏంటి అంటున్నారు సీనియర్లు. నిజమేనా?

జవాబు: టైమ్ సంగతి నిజమేనమ్మా. ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలు, ఫోన్‌లో హాజరు వేయడం, పదో తరగతికి స్పెషల్ క్లాసులు, వీటితోనే రోజు గడిచిపోతుంది. కానీ నేను చూసినంతలో టీచర్ల పరిశోధన ఎక్కువగా ఆగిపోయేది ప్రశ్న మరీ పెద్దది పెట్టుకోవడం వల్ల. ‘గ్రామీణ విద్యార్థుల్లో సైన్స్ పట్ల ఆసక్తి’ అని మొదలుపెడితే ఎప్పటికి తేలుతుంది చెప్పు?

మీ వైపు సంగతే చూడు. రొయ్యల చెరువున్న ఇంట్లో పిల్లాడికి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) అన్న మాట కొత్త కాదు, పొద్దున్న తక్కువుండి సాయంత్రానికి పెరుగుతుందని, బాగా పడిపోతే సున్నం చల్లాలని ఇంట్లో వింటూనే ఉంటాడు. (ఆ పెరగడానికి కారణం, నీళ్లలో ఆమ్ల గుణం పెంచే కార్బన్ డయాక్సైడ్‌ని పగలు నాచు వాడేసుకోవడం. బయాలజీ టీచర్‌తో కలిసి చెప్పదగ్గ పాఠం అది.) అదే పిల్లాడు పరీక్షలో తటస్థీకరణం (ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టడం) నిర్వచనం గడగడా రాసేసి, చెరువులో సున్నం ఎందుకు చల్లుతారో రాయమంటే పెన్ను పక్కన పెట్టేస్తాడు. ఆమ్లాలు, క్షారాల పాఠాన్ని చెరువు నీళ్లతో మొదలుపెడితే ఆ కారణం సొంత మాటల్లో రాయగలుగుతారా? నీ ప్రశ్న ఇంత ఉంటే చాలు. ఒక్క పాఠం, రెండు మూడు వారాలు. 1946లో మనస్తత్వవేత్త కుర్ట్ లెవిన్ యాక్షన్ రీసెర్చ్ అని చెప్పిందీ ఇలాంటి పద్ధతే, ఒక మార్పు చేసి, ఏమైందో చూసి, దాన్నిబట్టి మళ్లీ సరిదిద్దుకోవడం.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. పాఠం చెప్పేదీ నువ్వే, ఫలితం తేల్చేదీ నువ్వే. ‘పాఠం బాగుందా?’ అని అడిగితే క్లాసంతా ‘బాగుందండీ టీచర్’ అంటుంది, దాన్ని ఫలితంగా రాసుకోవద్దు. పాఠానికి ముందు, తర్వాత ఒకేలాంటి ప్రశ్న ఇచ్చి రాయించు, పేర్లు కప్పేసి, ఏది ముందు రాసిందో తెలియకుండా కలిపేసి ఇంకో టీచర్‌తో దిద్దించు. ‘ఎ’ సెక్షన్‌కి కొత్త పద్ధతి, ‘బి’ సెక్షన్‌కి పాత పద్ధతి అని పోల్చాలనిపిస్తుంది కానీ, సాయంత్రం రెండు సెక్షన్ల వాళ్లూ ఒకే ట్యూషన్‌కి వెళ్తారు, అక్కడ అంతా కలిసిపోతుంది. పైగా మంచి పాఠమని నువ్వే నమ్మినప్పుడు సగం మందికి చెప్పకపోవడం అన్యాయం, వారం ఆలస్యంగానైనా వాళ్లకీ చెప్పాలి. ఇక హాజరు. చెరువులో రొయ్యలు పట్టే రోజున, వరదలప్పుడు లంక గ్రామాల నుంచి కొందరు రారు. రెండు పరీక్షలూ రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకుని, ఎంతమంది తగ్గారో కూడా రాయి. మార్పేమీ రాకపోయినా అలాగే రాయి, అదీ ఫలితమే.

ఒక్క క్లాసులో తేలింది జిల్లా అంతటికీ వర్తిస్తుందని మాత్రం అనకు.

ఇంటర్న్‌షిప్‌లోనే ఇది చేసి చూడు. హెడ్మాస్టర్ గారి అనుమతి ముందే తీసుకో, పిల్లల పేర్లు ఎక్కడా రాయనని ఆయనకి చెప్పు. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ పడకు, ఇంత చిన్న పనికి సగటు, శాతం చాలు. ఉద్యోగం వచ్చాక దుబచర్లలోనో బొమ్మూరులోనో ఉన్న డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) లెక్చరర్లకి నీ కాగితాలు చూపించు. ఎంఎడ్ చేయాలనిపిస్తే అప్పటికి డిసర్టేషన్‌కి నీ దగ్గర సొంత ప్రశ్న ఉంటుంది. డీఎస్సీ ప్రిపరేషన్ మాత్రం దీనికోసం ఒక్క రోజు కూడా ఆపకు.