రెండు పేర్లున్నా కప్ప ఒక్కటే

సెంట్రోలీన్ టైరోనా, ఇకాకోగి టైరోనా అనే పేర్లను మీ పట్టికలో రెండు జాతులుగా చూపాలా అని అడిగారు. వద్దండీ, రెండూ ఒకే గాజుకప్ప (పొట్ట చర్మం పారదర్శకంగా ఉండే కప్ప) పేర్లు.

1991లో శాస్త్రవేత్తలు రూయిస్-కర్రాన్సా, లించ్ దీన్ని వర్ణించి సెంట్రోలీన్ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చారు. మగకప్ప భుజపుటెముకకు ముల్లులాంటి పొడుపు ఉండడం అప్పట్లో ఆ ప్రజాతికి గుర్తు. అయితే ఆ ముల్లును బట్టి చుట్టరికం నిర్ణయించలేమని డీఎన్‌ఏ పరిశీలనలో తేలింది. 2009లో గ్వాయసమిన్ బృందం గాజుకప్పల వర్గీకరణను సరిదిద్దుతూ దీనికోసమే ఇకాకోగి ప్రజాతిని ఏర్పరచింది. కొత్త పేరే వాడండి, పాతదాన్ని పర్యాయనామంగా పక్కన రాయండి.

మీ పటంలో ఆండీస్‌పై పెట్టిన చుక్కను మాత్రం తీసేయాలి. ఈ కప్ప ఉత్తర కొలంబియాలోని సియెర్రా నెవాడా డి శాంటా మార్టాలో తప్ప ఎక్కడా లేదు. ఆ పర్వతాలు ఆండీస్‌తో కలవకుండా కరీబియన్ తీరాన విడిగా నిలిచాయి. ఆ ఒంటరితనమే నన్ను ఈ కప్ప వైపు లాగింది. దీని గుడ్లను తల్లి రోజుల తరబడి కనిపెట్టుకుని ఉంటుంది. చాలా గాజుకప్పల్లో ఆ పని తండ్రిది.

ఒక జాగ్రత్త: 2019లో అవే పర్వతాల నుంచి ఇకాకోగి ఇస్పాక్వే అనే రెండో జాతిని వర్ణించారు. చూపుకు రెండూ దాదాపు ఒకటే. అందుకని ఫొటో ఒక్కటే ఉన్న నమోదులను ప్రజాతి పేరు దగ్గరే ఆపండి.