పోపు గారి రాజకీయ మాటను ఒప్పుకోకపోతే పాపమా?

ప్రశ్న: మాది తరతరాల కతోలిక కుటుంబం. వలసదారుల విషయంలో పోపు గారు చెప్పినదాన్ని మావారు ఒప్పుకోరు, సరిహద్దు చట్టాలు గట్టిగా ఉండాలంటారు. మామయ్య గారేమో "పోపు మాట కాదన్నవాడికి సత్ప్రసాదం ఎందుకు? ముందు పాపసంకీర్తనం చేసుకో" అన్నారు, అంటే పూజలో ఇచ్చే పవిత్ర అప్పం తీసుకునే ముందు గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలని. అప్పట్నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. తప్పెవరిదో చెప్పమని ఇద్దరూ నన్నే అడుగుతున్నారు. ఏం చెప్పను?

జవాబు: మీవారు సత్ప్రసాదం మానాల్సిన పనిలేదమ్మా. చట్టం ఎంత గట్టిగా ఉండాలన్న దగ్గర పోపు గారితో ఏకీభవించకపోవడం దానంతటది పాపం కాదు. కాకపోతే ఆయన కాదంటున్నది సరిగ్గా దేన్ని అన్నది తేల్చుకోవాలి.

మీ మామగారి మనసులో ఉన్నది బహుశా 1870లో బిషప్పులు కూడిన మొదటి వాటికన్ మహాసభ నిర్ణయం. పోపు పొరపడరని ఆ సభ చెప్పిన మాట నిజమే. అయితే అది విశ్వాస, నైతిక విషయాల్లో, శ్రీసభ (కతోలిక సంఘం) అంతా నమ్మితీరాలని ఆయన గంభీరంగా నిర్వచించినప్పటి మాట. 1950లో మరియమాత మోక్షారోపణాన్ని, అంటే ఆమె ఆత్మశరీరాలతో పరలోకానికి చేర్చబడిందన్న విశ్వాసాన్ని, నిర్వచించింది అలాగే. విమానంలో విలేకరులకిచ్చే జవాబు ఆ కోవలోకి రాదు.

అలాగని మిగతాదంతా "ఆయన సొంత అభిప్రాయం" అని తీసిపారేయడానికీ లేదు. మీవారు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. అంత గంభీరంగా ప్రకటించకపోయినా పోపు బోధకు మనసా తలవంచాలని 1964లో రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. దాని బరువు తెలుసుకునే గుర్తులు కూడా ఇచ్చింది: ఎలాంటి పత్రంలో చెప్పారు, ఎంత తరచుగా చెప్పారు, ఏ తీరున చెప్పారు. వలసదారుడు దేవుని పోలికలో పుట్టిన మనిషి అన్నది శ్రీసభ స్థిరమైన బోధ, దాన్ని కాదనే వీల్లేదు. ఏటా ఎందరిని రానివ్వాలి, ఏ అర్హతలు అడగాలి అన్నవి మాత్రం పరిస్థితిని బట్టి వివేకంతో తేల్చుకునేవి. వలస వచ్చినవాళ్లను పురుగుల్లా చూస్తూ మాట్లాడితే అది విధానం మీద భేదాభిప్రాయం కాదు. అప్పుడు మీ మామగారు చెప్పిన పాపసంకీర్తనం అవసరమే.

శ్రీసభ బోధలను క్రోడీకరించిన సత్యోపదేశ గ్రంథంలో 2241వ పేరా తీసి ఇద్దరి ముందూ పెట్టండి. సంపన్న దేశాలు తమకు చేతనైనంత మేరకు, భద్రతనూ బతుకుతెరువునూ వెతుక్కుంటూ వచ్చే పరదేశిని చేర్చుకోవాలని మొదటి సగం అంటుంది. ఉమ్మడి మేలు కోసం ప్రభుత్వం వలసకు చట్టపరమైన షరతులు పెట్టవచ్చని, వచ్చినవాళ్లు ఆ దేశ చట్టాలకు లోబడాలని రెండో సగం అంటుంది. మీ మామగారు మొదటి సగం పట్టుకున్నారు, మీవారు రెండోది పట్టుకున్నారు. "చేతనైనంత" అంటే ఎంత? దానికి లెక్క ఆ పేరాలో లేదు. కతోలికులు వాదించుకోగలిగిన చోటు అదే.

సత్ప్రసాదం సంగతికి నేరుగా పనికొచ్చే మాట ఒకటుంది. 2003లో ఇరాక్ యుద్ధాన్ని రెండవ జాన్ పాల్ పోపు గట్టిగా వ్యతిరేకించారు. మరుసటి ఏడాది, అప్పట్లో వాటికన్‌లో విశ్వాస బోధ వ్యవహారాలు చూస్తున్న కార్డినల్ రాట్సింగర్ (తర్వాత పదహారవ బెనెడిక్ట్ పోపు) అమెరికా బిషప్పులకు రాస్తూ, ఒక యుద్ధానికి దిగాలా వద్దా అన్నదానిపై పోపుతో విభేదించినంత మాత్రాన ఒక కతోలికుడు సత్ప్రసాదానికి అనర్హుడు కాడని, గర్భస్రావం, కారుణ్య మరణం విషయంలో అలాంటి వెసులుబాటు లేదని స్పష్టం చేశారు. ఆ లేఖ మరణశిక్షను కూడా యుద్ధంతో పాటే చెప్పింది గానీ, 2018లో సత్యోపదేశాన్ని సవరించి మరణశిక్ష అంగీకారయోగ్యం కాదని రాశారు కాబట్టి ఆ భాగాన్ని ఇప్పుడు యథాతథంగా వాడుకోకూడదు.

ఇక మీవారు చేయాల్సిన పని. వాట్సాప్‌లో వచ్చే రెండు వాక్యాల ముక్క చూసి కాదనకూడదు. పోపు గారి లేఖో ప్రసంగమో వాటికన్ వెబ్‌సైట్లో పూర్తిగా చదవాలి. చాలాసార్లు శీర్షికలో ఉన్న మాట లోపల ఉండదు, ఉన్నా దాని పక్కనే ఒక షరతు ఉంటుంది. చదివాక తనను తాను ఒకటి అడగాలి: ఇదే మాట నా పార్టీకి అనుకూలంగా ఉంటే ఒప్పుకునేవాణ్ణేనా? అప్పటికీ ఒప్పుకోలేకపోతే, శ్రీసభ చట్టంలోని 212వ నిబంధన ప్రకారం తన అభిప్రాయాన్ని గౌరవంగా కాపరులకు తెలియజేసే హక్కు ఆయనకుంది. బిషప్పు గారికి ఒక పేజీ ఉత్తరం చాలు: ఏ వాక్యం, ఏ పత్రంలోది, ఏ సూత్రం తనకు సమ్మతం, ఏ ఉపాయం మీద అనుమానం, ఎందుకు. పద్నాలుగో శతాబ్దపు పునీతురాలు సియెన్నా కాతరీనమ్మ పదకొండవ గ్రెగరీ పోపుకు, అప్పట్లో పోపులు ఉంటున్న ఫ్రాన్సు వైపు నగరం అవిన్యోన్ విడిచి రోముకు రమ్మని ఎంతో కరుకుగా రాసింది, అయినా ఆయన్ని ఇలపై మధుర క్రీస్తు అనే పిలిచింది. ఆ పోపు 1377లో రోము చేరారు.

మీరు మాత్రం తీర్పరిగా కూర్చోకండి. ఏ పక్కకు మొగ్గినా ఆ ఇంట్లో రోజూ మాటపడేది మీరే. మీ చర్చి బాధ్యత చూసే విచారణ గురువుల దగ్గర అరగంట సమయం అడిగి ఇద్దరినీ పంపండి. సత్ప్రసాదానికి ఎవరు తగరో చెప్పే బాధ్యత తండ్రిది కాదని మీ మామగారు కోడలి నోట వినలేరు, గురువుల నోట వింటారు. అంతకంటే ముందు మీవారు తండ్రి దగ్గరికి వెళ్లి ఒక్క మాట అనాలి: "నాన్నా, నేను శ్రీసభను విడిచిపోవట్లేదు. వాళ్లూ మనుషులేనన్న పోపు గారి మాట నాకూ శిరోధార్యమే. ఈ చట్టం ఒక్కటే నాకు వేరుగా తోస్తోంది." కొడుకు విశ్వాసం పోగొట్టుకుంటున్నాడన్న దిగులు పెద్దాయనకు ఉంటే, ఆ మాట విన్నాక వలస చట్టం గురించి వాళ్లు ఎంతసేపైనా వాదించుకోవచ్చు.