డీజిల్ బండి, మీ ప్రశ్నలు: పాత పంపు బండి అమ్మేయమంటారా?

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మా నాన్నగారు కొన్న 1997 మోడల్ డీజిల్ పికప్ ఇంకా మా దగ్గరే ఉంది. మెకానికల్ పంపు, టర్బో లేదు. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. దుకాణాలకు సామాన్లు వేసే పని మాది. రోజుకు పది పన్నెండు ట్రిప్పులు, ఒక్కోటి నాలుగైదు కిలోమీటర్లు. ఇప్పుడు 2019 మోడల్ కామన్ రైల్ బండి (కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే కొత్త రకం) ఒకటి అమ్మకానికి వచ్చింది. లక్షా పదివేలు తిరిగింది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) ఉంది. మా బావ కొనేయమంటున్నాడు. డ్రైవరేమో "ఆ సెన్సర్ల బండి మనకొద్దు" అంటున్నాడు. ఏది నమ్మకమో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. మీరే చెప్పాలి.

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో నా కన్ను పడింది మోడల్ సంవత్సరాల మీద కాదు, ఆ నాలుగైదు కిలోమీటర్ల ట్రిప్పుల మీద. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ నమ్మకం అన్న మాట చూద్దాం.

ఇరవై ఆరేళ్లు పంపు టెస్ట్ బెంచి దగ్గర నిలబడ్డాను. బండివాళ్లు నమ్మకం అన్నప్పుడల్లా రెండు వేరు సంగతులను కలిపేసి మాట్లాడటం విన్నాను. బండి ఎన్నాళ్లకోసారి చెడుతుంది అన్నది ఒకటి. చెడినా ఇల్లు చేరుస్తుందా అన్నది ఇంకొకటి. మొదటిదానిలో, సరిగ్గా చూసుకుంటే, కొత్త ఇంజన్లు ఏమీ తీసిపోవు. రెండోదానిలో పాతవాటికి సాటి లేదు.

ఒకసారి నేనే లోడుతో వస్తుంటే దారిలో బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటర్ పోయింది. అది ఇన్‌లైన్ రకం మెకానికల్ పంపు బండి, ఇంజన్ ఆపడానికి కూడా కేబుల్ లాగే రకం. కరెంటుతో దానికి పనే లేదు. తెల్లవారేదాకా ఇంజన్ ఆపకుండా రోడ్డు పక్కన ఉంచాను. వెలుగు రాగానే లైట్లు వేసే అవసరం లేకుండా అరవై కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చేశాను. అదే కామన్ రైల్ బండి అయితే బ్యాటరీ దిగిపోగానే కంప్యూటర్, దానితోపాటు సిలిండర్లలోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్లు ఆగిపోతాయి. తోసినా కదలదు, బండి ఎత్తించుకుని పోవాల్సిందే. మీ డ్రైవరు భయం ఉత్త భయం కాదు.

అలాగని "పాతవి చెడవు" అన్న మాట నేను ఒప్పుకోను. ఇవాళ రోడ్డు మీద కనిపించే పాత ఇంజన్లు మిగిలినవి. పోయినవి ఏనాడో తుక్కులో కలిశాయి కనుక వాటి గురించి ఎవరూ మాట్లాడరు. గట్టిదనానికి పెద్ద పేరున్న కమిన్స్ 5.9 లీటర్ల 12 వాల్వుల ఇంజన్‌నే తీసుకోండి. అమెరికాలో 1989 నుంచి 1998 దాకా డాడ్జ్ పికప్‌లలో వచ్చింది. ఇనుప బ్లాకు, ఇనుప హెడ్డు, టైమింగ్‌కు బెల్టు గానీ చెయిన్ గానీ లేదు, అన్నీ గేర్లే. అంత ఇంజన్‌లోనూ టైమింగ్ కేసు దగ్గర చిటికెన వేలంత కూడా లేని ఒక డోవెల్ పిన్ను (భాగాలను సరిగ్గా కుదిర్చి ఉంచే చిన్న ఇనుప ముక్క) ఉంటుంది. అది వదులై జారి గేర్ల మధ్య పడితే ఇంజన్ ముందు భాగమంతా పాడవుతుంది. తెలిసినవాళ్లు ముందే దానికి అడ్డంగా చిన్న రేకు బిగిస్తారు. పాతదానికైనా దాని రోగం తెలిసిన మనిషి ఉండాలి.

ఇక కొత్తదాని గుణం. పాత ఇంజన్‌లో డీజిల్ చల్లే నాజిల్ తెరుచుకోవడానికి 100 నుంచి 250 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) దాకా ఒత్తిడి చాలు. కామన్ రైల్‌లో అన్ని ఇంజెక్టర్లకూ కలిపి ఉన్న ఒకే గొట్టంలో (అదే రైలు) డీజిల్ 1,600, 2,000 బార్ దగ్గర నిలబడి ఉంటుంది. పిస్టన్ ఒక్కసారి పైకి వచ్చేలోపే ఇంజెక్టర్ రెండు మూడు విడతలుగా, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ సార్లు కొడుతుంది. అందుకే చప్పుడు తగ్గింది, పొగ తగ్గింది, బలం పెరిగింది. నేను చెప్పిన ఆ కమిన్స్ ఇంజన్ మొదట్లో ఇచ్చింది 160 అశ్వశక్తి. అదే వరుసలో వచ్చిన ఇప్పటి 6.7 లీటర్ల ఇంజన్ 400 దాటింది. ఈ బలమంతా కొన్ని మైక్రాన్ల సందులో నడిచే భాగాల మీద ఆధారపడి ఉంది. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే కంటికి కనిపించని దుమ్ము కూడా ఆ సందుకు బండరాయే.

డీజిల్‌లో చేరే నీళ్ల సంగతి చెప్పి తీరాలి. ఒక కామన్ రైల్ బండి స్టార్ట్ కావడం లేదని నా దగ్గరికి వచ్చింది. ఫిల్టర్ విప్పితే అడుగున వెండి పొడిలా మెరిసింది. అరవై వేల కిలోమీటర్లు ఆ ఫిల్టర్ మార్చలేదు, అడుగున చేరిన నీళ్లు ఒక్కసారీ వదల్లేదు. డీజిల్‌తోనే పంపు లోపల జిడ్డు నిలవాలి. నీళ్లు వెళితే ఆ జిడ్డు పోయి ఇనుము ఇనుమును గీరుతుంది. ఆ పొడి రైల్‌లోకి, అక్కడి నుంచి ఇంజెక్టర్లలోకి పోయింది. పంపు, రైలు, పైపులు, నాలుగు ఇంజెక్టర్లు అన్నీ మార్చి ట్యాంకు దించి కడిగితే గానీ బండి కదల్లేదు. ఆ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఫిల్టర్ కింద మర ఒకటి తిప్పి నీళ్లు వదలడానికి రెండు నిమిషాలు పట్టదు. పాత పంపు బండి ఈ నిర్లక్ష్యాన్ని కొంతకాలం ఓర్చుకుంటుంది. ముందు మిస్సింగ్ కొడుతుంది, పొగ మారుతుంది, సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పాల్సి వస్తుంది. నెలల తరబడి చెబుతూనే ఉంటుంది. కొత్తది చెప్పేది ఒకే ఒక్క లైటు. అది చూసీ చూడనట్టు పోతే మళ్లీ చెప్పే అవకాశం ఉండకపోవచ్చు.

ఇప్పుడు మీ ట్రిప్పులు. డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో మసిని పట్టి ఆపే జల్లెడ. పట్టిన మసిని అది కాల్చుకోవాలంటే లోపల వేడి 600 డిగ్రీల దాకా రావాలి. దానికి ఇంజన్ బాగా వేడెక్కి, ఆగకుండా పావుగంటో ఇరవై నిమిషాలో మంచి వేగంలో నడవాలి. నాలుగు కిలోమీటర్లకోసారి ఆగే బండిలో ఈ కాల్పు మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. మసి పేరుకుంటూనే పోతుంది. పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు కూడా అలాగే పూడుకుపోతుంది. ఇది ఆ ఇంజన్ తప్పు కాదు, దాని పనికీ మీ పనికీ పొత్తు కుదరదు.

కనుక ఇప్పుడున్న పనికి మీ నాన్నగారి బండినే ఉంచుకోమంటాను, ఇంజన్ లోపల బాగుంటేనే. బాగుందో లేదో కళ్లతో చూసి చెప్పలేం, కంప్రెషన్ టెస్ట్ చేయించండి. అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా వస్తే మీకు ఇంకా చాలా బతుకున్న ఇంజన్ ఉన్నట్టే. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే ఫరవాలేదు, గుప్పుగుప్పుమని పొగ తన్నుకొస్తే రింగులు అయిపోయినట్టు. నాజిళ్లు విప్పి ఒత్తిడి సరిచేయించండి, వాల్వుల సందు కొలిపించండి. పంపు సీళ్లు తప్పకుండా మార్పించండి. ఇప్పటి డీజిల్‌లో గంధకం బాగా తగ్గించారు. అమెరికాలో 2006 నుంచి 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15), యూరప్‌లో 2009 నుంచి 10 పీపీఎం అయింది. గంధకం తీసే క్రమంలో డీజిల్‌లో వచ్చిన మార్పుకి పాత రబ్బరు సీళ్లు బిగుసుకుని కారడం చాలా చోట్ల చూశారు. సీలు కారితే డీజిల్ బయటికి వస్తుంది, గాలి లోపలికి పోతుంది. పొద్దున్నే స్టార్ట్ కాకుండా ఏడిపించేది ఆ గాలే.

రేపు మీ పని మారి రోజూ దూరాలు తిరగాల్సి వస్తే మాత్రం మీ బావ మాటే వినండి. కొనేముందు ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండగా వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే ఇంకోరోజు వస్తానని వచ్చేయండి. స్కానర్ పెట్టించి డీపీఎఫ్‌లో మసి ఎంత ఉంది, చివరిసారి కాల్చుకుని ఎన్ని కిలోమీటర్లయింది చూడండి. ఇంజెక్టర్ల రిటర్న్, అంటే అవి వెనక్కి వదిలే డీజిల్, కొలిపించండి. ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ వెనక్కి వదులుతుంటే అది అరిగింది. ఏ ఆయిల్ పోశారో బిల్లులు అడగండి. డీపీఎఫ్ బండికి బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి. డబ్బా మీద సీజే-4 లేదా సీకే-4 అనో, ఏసీఈఏ సి వర్గమనో ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఏది రాస్తే అదే. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, జల్లెడలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: సార్, నా డీపీఎఫ్ బండిలో ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది. స్టిక్ మీద పై గీత దాటింది. మెకానిక్ మంచిదే అంటున్నాడు.

జవాబు: మంచిది కాదు. ఈరోజే ఆయిల్ మార్పించండి. మసిని కాల్చడానికి కొన్ని ఇంజన్లు ఆలస్యంగా సిలిండర్లోకే కాస్త అదనపు డీజిల్ కొడతాయి. ఆ కాల్పు పదే పదే మధ్యలో ఆగితే కాలని డీజిల్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు, టర్బో అరుగుతాయి. స్టిక్ వాసన చూడండి, డీజిల్ వాసన తెలిసిపోతుంది. ఇంజెక్టర్ కారుతున్నా ఇలాగే జరుగుతుంది కనుక అదీ చూపించాలి. ఆయిల్ మార్చాక వారానికోసారి అరగంట ఆగకుండా నడపండి. కాల్పు జరుగుతున్నప్పుడు ఐడ్లింగ్ కొంచెం పెరుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంటుంది, వేడి వాసన వస్తుంది. అలాంటప్పుడు ఇంజన్ ఆపకండి, ఇంకో పది నిమిషాలు తిరిగి రండి.

ప్రశ్న: డీపీఎఫ్ తీయించేసి కంప్యూటర్లో ప్రోగ్రామ్ మార్పిస్తే బాధ తీరుతుందంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దమ్మా. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. చట్టం మాట పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చి చెప్పింది. ఆ పొగలోనే నిలబడి ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషిని నేను. మూసుకుపోయిన డీపీఎఫ్‌ను విప్పి శుభ్రం చేసే యంత్రాలు ఉన్నాయి, ముందు అది చేయించండి. అది ఎందుకు మూసుకుపోయిందో కూడా చూపించండి. చాలాసార్లు కారణం ఒత్తిడి కొలిచే సెన్సర్‌కు వెళ్లే చిన్న రబ్బరు గొట్టం పగలడమో, ఈజీఆర్ అంటుకుపోవడమో అయి ఉంటుంది.