అన్సెల్మ్ గురించి రాయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంగ్లండులోని కాంటర్‌బరీకి ఆర్చిబిషప్ అయిన అన్సెల్మ్ గురించి తెలుగులో రాయాలన్న ఆలోచన నీకు కలగడమే నాకు ఎంతో సంతోషం. అయితే ఆయన 1033లో ఆల్ప్స్ పర్వతాల నడుమ ఆవోస్తాలో పుట్టాడనీ, 1060లో నార్మండీలోని బెక్ మఠంలో బెనెడిక్టు సభ సన్యాసి అయ్యాడనీ, 1093లో ఆర్చిబిషప్ అయ్యాడనీ, 1109లో మరణించాడనీ చెప్పేసి, అక్కడ ఒక అడ్డగీత గీసి, దాని కింద "ఆయన తత్త్వం" అని మళ్ళీ మొదలుపెట్టావు. ఆ అడ్డగీత తీసెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం.

దేవుడు ఉన్నాడని నిరూపించే ఆయన వాదాన్ని నువ్వు మూడు వాక్యాల్లో తేల్చావు. "దేనికంటే గొప్పదాన్ని ఊహించలేమో అది" దేవుడు. అది కేవలం మనసులోనే ఉంటే, వాస్తవంగా కూడా ఉన్నది దానికంటే గొప్పదవుతుంది. కనుక అది మనసులో మాత్రమే ఉండటం కుదరదు. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ వాదం పుట్టడానికి ముందు ఒక మనిషికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు, మఠంలో అందరితో కలిసి చేసే ప్రార్థనల మీద కూడా మనసు నిలవలేదు. ఇతర ఆధారాలేవీ అక్కరలేని ఒకే ఒక్క యుక్తి కోసం వెతుకుతూ, చివరికి ఆ వెతుకులాటే సైతాను పెట్టిన శోధనేమోనని భయపడ్డాడు. ఒక రాత్రి ప్రార్థన జరుగుతుండగా అది మెరుపులా తట్టింది. మైనపు పలకల మీద రాసి ఒక సహోదరుడికి దాచమని ఇస్తే, ఆ పలకలు కనబడకుండా పోయాయి. మళ్ళీ రాసి, ఇంకా జాగ్రత్తగా దాచమని ఆ సహోదరుడికే ఇస్తే, అవి ముక్కలై నేల మీద దొరికాయి. ఆ ముక్కలు ఏరి, కూర్చి, తోలుపత్రం మీదికి ఎక్కించాక మిగిలినదే 1077-78 నాటి ప్రోస్లోగియన్ అనే గ్రంథం. ఈ కథంతా ఆయన శిష్యుడు ఈడ్మర్ చెప్పాడు. నీ వ్యాసంలో దీనికి చోటే లేదు.

ఆ గ్రంథం ఏ రూపంలో ఉందో కూడా చూడు. అందులో రచయిత మాట్లాడుతున్నది పాఠకుడితో కాదు, దేవుడితో. "విశ్వాసం అవగాహనను అన్వేషించడం" అన్నది ఆయన మొదట దానికి పెట్టిన పేరు. ప్రార్థనలోంచి తర్కాన్ని ఊడబీకి బల్ల మీద పెడితే, ఆయన ఎవరిని పిలుస్తూ ఆ వాక్యం రాశాడో మన పాఠకుడికి తెలియకుండా పోతుంది.

తరువాత గౌనిలో అనే సన్యాసి సంగతి. "దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు" అన్న పద్నాలుగో కీర్తన మాట మన తెలుగు బైబిలు చదివినవారందరికీ తెలిసిందే. అన్సెల్మ్ వాదం ఆ బుద్ధిహీనుడిని ఎదురుగా నిలబెట్టుకునే నడుస్తుంది. ఫ్రాన్సులోని మార్మూతియే మఠానికి చెందిన ఈ గౌనిలో, తాను విశ్వాసి అయి ఉండి కూడా, ఆ బుద్ధిహీనుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు: అన్నిటికంటే శ్రేష్ఠమైన ఒక ద్వీపాన్ని ఊహించుకున్నంత మాత్రాన, అది సముద్రంలో ఎక్కడో ఉండి తీరాలా అని అడిగాడు. అన్సెల్మ్ జవాబు రాశాడు. అంతటితో ఊరుకోక, ఇకమీదట తన గ్రంథానికి ప్రతులు తీసేవారు గౌనిలో విమర్శనూ, తన సమాధానాన్నీ కూడా దానితో కలిపి రాయాలని కోరాడు. పూర్వపక్షం లేని సిద్ధాంతాన్ని మన శాస్త్రకారులూ ఒప్పుకోలేదు కనుక, ఈ పని విలువ తెలుగు పాఠకుడికి విడమరిచి చెప్పనక్కరలేదు. జరిగినది జరిగినట్టు చెబితే చాలు. నువ్వు మాత్రం గౌనిలోను "ఒక విమర్శకుడు" అని పేరైనా లేకుండా దాటేశావు. నీ చిత్తుప్రతిలో నన్ను అన్నిటికంటే నొప్పించినది అదే.

ఎదుటివాడికి చోటివ్వడమన్నది ఆయనకు గ్రంథాలలో మాత్రమే ఉన్న గుణం కాదు. మఠంలో పెరిగే పిల్లలను రాత్రింబవళ్ళు కొడుతున్నా బాగుపడటం లేదని ఒక మఠాధిపతి వాపోతే, ఒక మొక్కను నాటి, కొమ్మ చాచే వీలు లేకుండా నలువైపులా బిగించి, కొన్నేళ్ళకు విప్పితే ఎలాంటి చెట్టు వస్తుందని ఆయన అడిగాడు. ఈ ప్రశ్ననూ, గౌనిలోకు రాసిన సమాధానాన్నీ పక్కపక్కనే పెట్టి చూడు.

అలాగని ఆయనను మెత్తని మనిషిగా మాత్రమే చిత్రించకు. 1093 మార్చిలో జబ్బుపడిన రాజు రెండవ విలియం మంచం దగ్గర బిషప్పులు ఆర్చిబిషప్ అధికారదండాన్ని ఆయన చేతిలో పెట్టబోతే, పిడికిలి బిగించాడు. ఇంగ్లండు సంఘమనే నాగలికి, రాజనే లొంగని కోడెతో పాటు తనలాంటి ముసలి గొర్రెను కాడి కడుతున్నారని వారితో అన్నాడు. ఆ గొర్రె తరువాత ఇద్దరు రాజులకు లొంగక రెండుసార్లు ప్రవాసం వెళ్ళింది. బిషప్పులకు పదవీచిహ్నాలు ఇచ్చే హక్కు రాజుదా, సంఘానిదా అన్న పదవీప్రదానపు తగవు 1107లో రాజీకి వచ్చిన తీరు నీ వ్యాసంలో కావలసినదానికంటే పొడవుగా ఉంది, సగం తగ్గించు. దాని బదులు 1098 వేసవి గురించి రాయి. మొదటి ప్రవాసంలో, ఇటలీలో కాపువా దగ్గరి లిబేరీ అనే కొండపల్లెలో, దేవుడు మానవుడెందుకయ్యాడన్న గ్రంథాన్ని ఆయన పూర్తిచేశాడు. అదీ సంభాషణే, నమ్మనివారి ప్రశ్నలన్నీ శిష్యుడు బోసో నోట పలుకుతాయి.

ఈడ్మర్‌ను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకో. తన జీవితచరిత్ర రాస్తున్నాడని తెలిసి అన్సెల్మ్ మొదట దిద్దిపెట్టాడు, తరువాత దాన్ని నాశనం చెయ్యమన్నాడు. ఈడ్మర్ వేరే పత్రాల మీదికి నకలు తీసుకున్నాకే ఆ మాట పాటించాడు. నీకు దొరికిన ప్రతి సంఘటనా గురువును పోగొట్టుకోలేని శిష్యుడి చేతి మీదుగా వచ్చినదే కనుక, ఆ ప్రేమను కూడా లెక్కలోకి తీసుకుని రాయి.

1109లో మట్టల ఆదివారం నాడు, పాస్కా పండుగకు ప్రభువు సన్నిధికి వెళ్ళబోతున్నట్టున్నారని చుట్టూ ఉన్నవారు అంటే, అది ఆయన చిత్తమైతే సంతోషంగా వెళ్తాననీ, కానీ ఆత్మ ఎలా పుడుతుందన్న ప్రశ్న తన మనసులో నలుగుతోందనీ, అది తేలేదాకా ఉండనిస్తే కృతజ్ఞుడిననీ అన్నాడు. ఆ బుధవారం, ఏప్రిల్ 21న తెల్లవారుతుండగా వెళ్ళిపోయాడు. ఈసారి నీ వ్యాసాన్ని ఆ మంచం దగ్గర మొదలుపెట్టి, అక్కడినుంచి బెక్ మఠంలోని మైనపు పలకల దగ్గరికి నడిచి చూడు. రాసినది పంపు, చదువుతాను.