ఆ రెండు ఎగ్జాస్ట్ వాల్వ్‌ల మధ్య

బాబూ,

నీ ఉత్తరం, డ్రాయింగ్ అందాయి. గాలితో చల్లబడే ఇంజిన్‌కి నాలుగు వాల్వ్‌ల హెడ్, అంటే సిలిండర్ పైమూత, నువ్వే తయారు చేసుకుంటున్నావంటే చాలా సంతోషమేసింది. కానీ డ్రాయింగ్ చూశాక ఒక్క చోట మనసు ఆగిపోయింది. వేడిని గాలికి వదిలే ఫిన్లు బాగా పెంచావు, అవన్నీ అంచుల్లోనే ఉన్నాయి. వేడి ఇరుక్కునేది నడిమధ్యలో.

రెండు ఎగ్జాస్ట్ సీట్ల మధ్య, అంటే మండిన వాయువును బయటికి వదిలే వాల్వ్‌లు మూసుకున్నప్పుడు ఆనే చోట్ల మధ్య, ఉన్న ఆ సన్నటి లోహపు పట్టీ చూడు. అటూ ఇటూ మండిన వాయువు పోతుంది, పక్కనే స్పార్క్ ప్లగ్. పైన పోర్టులు (వాయువు వెళ్లే దారులు), వాల్వ్‌లను తెరిచే క్యామ్‌లు కప్పేసి ఉంటాయి కాబట్టి గాలి అక్కడిదాకా రాదు. పైగా ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటు ద్వారానే హెడ్‌కి వదులుతుంది. అంటే రెండు వాల్వ్‌ల వేడీ ఆ పట్టీ మీదే పడుతుంది. నా చేతికొచ్చిన హెడ్లలో పగులు ఎక్కువగా అక్కడే కనిపించేది.

అందుకే వాల్వ్‌లు మరీ పెద్దవి పెట్టకు. ఒక మిల్లీమీటరు తగ్గించుకుని ఆ లోహం మిగుల్చుకో, పవర్ కాస్త తగ్గినా ఫర్వాలేదు. ఎగ్జాస్ట్ పోర్టులు రెండూ లోపలే కలిపేయకు. విడివిడిగా, పొట్టిగా బయటికి తీస్తే మధ్యలోంచి గాలికి దారి దొరుకుతుంది.

అదీ చాలకపోతే ఆయిల్ సాయం తీసుకో. 1985లో సుజుకి జీఎస్ఎక్స్-ఆర్ 750లో దహన గది పైకప్పు మీదికి ఆయిల్‌ని జెట్లతో కొట్టించారు. పోర్షే 959లోనైతే సిలిండర్లను గాలికి వదిలేసి, నాలుగు వాల్వ్‌ల హెడ్లకు మాత్రం నీళ్లు పెట్టారు. కాబట్టి గాలి ఒక్కదానితోనే నెగ్గాలని పంతం పట్టకు. ఆయిల్ పెడితే దాన్ని చల్లార్చే కూలర్ కూడా పెట్టు, కిందికి దిగే దారి వెడల్పుగా ఉంచు.

ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వ్‌కీ దాన్ని తోసే భాగానికీ మధ్య వదిలే సందు, విషయంలో మాత్రం నా మాట విను. కుర్రతనంలో చప్పుడు తగ్గుతుందని ఎగ్జాస్ట్ గ్యాప్ బిగించి రెండు వాల్వ్‌లు కాల్చేశాను. వేడెక్కి సాగిన వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోకపోతే దాని వేడి పోయే దారే ఉండదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఒక్కో వాల్వ్‌కీ విడిగా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి చూడు. మిక్స్చర్ లీన్‌గా, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువగా, ఉంచకు.

ప్లగ్ వాషర్ కింద వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టి, బండిని నిదానంగా ఎత్తు ఎక్కిస్తూ పరీక్షించు. లోడు ఎక్కువ, గాలి తక్కువ ఉండేది అప్పుడే. హెడ్ పోత పోయించే ముందు ఆ పట్టీ మందం కొలిచి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న