రాత్రి నడిపిన రిపోర్టు పొద్దున ఎవరు చదువుతారు?

బెంగళూరు మారతహళ్లిలో మా వదిన నడిపే పీజీలో మూడంతస్తులూ మనవాళ్ళే. ఒంగోలు, ఖమ్మం, కర్నూలు, శ్రీకాకుళం, అన్ని యాసలూ ఒకే మెట్లమీద వినిపిస్తాయి. డాలస్ నుంచి సెలవు మీద వచ్చి మూడు వారాలుగా కింది వాటాలో ఉంటున్నాను. రాత్రి పదిన్నరకి, షిఫ్టు ముగిసినవాళ్ళూ ఇంకా మొదలుకానివాళ్ళూ మేడ మీద చేరతారు. వాళ్ళలో నలుగురికి ఈ ఆగస్టుకి అమెరికాలో సీట్లొచ్చాయి. నలుగురూ చదవబోయేది ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ మేనేజ్‌మెంటే. నేను 2013లో ఈ ఊరినుంచే ఈ చదువుకే వెళ్ళానని వదిన చెప్పేసరికి ప్రశ్నలన్నీ నా వైపు తిరిగాయి. వాళ్ళకి చెప్పినవే రాస్తున్నాను. ఇప్పటికే అక్కడ దిగి, మొదటి సెమిస్టర్లో బిక్కుబిక్కుమంటున్నవాళ్ళకి కూడా పనికొస్తాయి.

మొదటి ప్రశ్న కాస్త మొహమాటంగా వచ్చింది. "అక్కా, కంప్యూటర్ సైన్స్ రానివాళ్ళే ఇందులో చేరతారంటారు, నిజమేనా?"

చేరేవాళ్ళలో కొందరు అలా వస్తారు. కానీ ఆ చదువు పుట్టింది అందుకు కాదు. 1960ల చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్, 1974లో అరిజోనాలో జే నునమేకర్ దీనికి విడిగా చోటు కల్పించినప్పుడు వాళ్ళ ముందున్న ప్రశ్న వేరు. యంత్రం లెక్క కట్టి ఇస్తుంది సరే, ఆ లెక్క చూసి ఎవరు ఏం నిర్ణయిస్తారు? ఆ నిర్ణయానికి ఆ లెక్క సరిపోతుందా? మీకు చెప్పే డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్, ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నిటినీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్), ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, ఐటీ ఆడిట్ అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. కోడింగ్ తప్పించుకోవచ్చని వెళ్తే రెండు రకాలుగా నష్టం. కోడూ రాదు, ఇదీ రాదు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను.

వెళ్ళకముందు నాలుగేళ్ళు అవుటర్ రింగ్ రోడ్డులో ఒక కంపెనీలో సపోర్ట్‌లో పనిచేశాను. విదేశంలో ఉన్న ఒక పెద్ద దుకాణాల సంస్థకి రాత్రిపూట సరుకు నిల్వల లెక్క తయారుచేసే జాబ్, అంటే దానంతటదే నడిచే ప్రోగ్రాం, మా చేతిలో ఉండేది. అది పడిపోతే లేచి, లాగ్ చూసి, మళ్ళీ నడపాలి. నాలుగేళ్ళలో అది ఎన్నిసార్లు పడిందో, ఏ టేబుల్ దగ్గర తడబడుతుందో నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. అక్కడ మొదటి సెమిస్టర్, సిస్టమ్స్ అనాలిసిస్ క్లాసులో మీకు బాగా తెలిసిన ఒక వ్యవస్థ బొమ్మ గీయమన్నారు. నేను బోర్డు నిండా గీశాను. ప్రొఫెసర్ చివరి పెట్టె మీద వేలు పెట్టి, "ఈ రిపోర్టు పొద్దున ఎవరి చేతికి వెళ్తుంది? దాంతో ఆయన ఏం చేస్తాడు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ళు రాత్రిళ్ళు మేలుకుని కాపాడిన కాగితం ఎవరి కోసమో నాకు తెలియదు. ఆ రోజు హాస్టల్ గదికి వెళ్ళి ఏడ్చాను. తర్వాత పాత టీమ్‌లో ఒకరిని అడిగితే తెలిసింది: తెల్లవారుజామున ఐదింటికి దుకాణం మేనేజర్ వచ్చి, అది చూసే ఆ రోజు ఏం తెప్పించాలో రాసుకుంటాడట. మా జాబ్ గంట ఆలస్యమైతే ఆయన నిన్నటి అంకెల మీద ఊహతో ఆర్డర్ పెట్టేవాడు. మా టికెట్లో, అంటే ఫిర్యాదు నమోదులో, మాత్రం అది 'తక్కువ ప్రాధాన్యం' అని ఉండేది!

ఆ వారమే హెర్షీ కథ చదివాం. మీకూ ఏదో ఒక క్లాసులో వస్తుంది, శ్రద్ధగా చదవండి. ఆ చాక్లెట్ కంపెనీ 11.2 కోట్ల డాలర్లు పెట్టి ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీతో పాటు మరో రెండు సాఫ్ట్‌వేర్లని 1999 జులైలో ఒకేసారి మొదలుపెట్టింది. 48 నెలలు పడుతుందన్న పనిని 30 నెలలకి కుదించారు. సరిగ్గా హాలోవీన్ ఆర్డర్లు వచ్చే కాలం. గోదాముల్లో సరుకు ఉంది, దుకాణాలకి వెళ్ళలేదు. దాదాపు పది కోట్ల డాలర్ల ఆర్డర్లు నిలిచిపోయాయి. కారణాల్లో ఒకటి నాకు ఇప్పటికీ మనసులో ఉంది. సీజన్లో చోటు చాలకపోతే సిబ్బంది దొరికిన చోటల్లా పెట్టెలు సర్దేవారు. ఆ చోట్లు కొత్త వ్యవస్థలో నమోదు కాలేదు. అంటే సరుకు కళ్ళెదుట ఉన్నా కంప్యూటర్‌కి లేనట్టే. గోదాములో పనిచేసే మనిషికి ఆ సంగతి తెలుసు. ఆయన్ని కూర్చోబెట్టి అడగడమే ఈ చదువులో అసలు పని.

అందుకే రెండో ప్రశ్నకి నాకు కోపం వచ్చింది. "అక్కా, మాది సపోర్టే కదా, రెజ్యూమేలో డెవలప్‌మెంట్ అని రాసుకోమంటున్నారు" అన్నాడు ఖమ్మం అబ్బాయి. ఎవరన్నారో గానీ, వద్దు నాన్నా. రాత్రి షిఫ్టులో వ్యవస్థ ఎక్కడ విరుగుతుందో చూసినవాడివి నువ్వు. డెవలపర్ దాన్ని కట్టి వెళ్ళిపోతాడు, విరిగినప్పుడు పక్కన ఉండేది నువ్వే. ఎస్‌వోపీలో (సీటు కోసం ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసంలో), ఇంటర్వ్యూలో, క్లాసులో అదే నీ ఆస్తి. అబద్ధం రాస్తే దాన్ని నిలబెట్టడానికే తెలివంతా ఖర్చవుతుంది. ఇక్కడి అనుభవాన్ని మూడింతలు చేసి రాసిపెడతామనే కన్సల్టెన్సీలు అక్కడ కూడా ఎదురవుతాయి. వాళ్ళ ఫోన్ ఎత్తకండి.

పేర్ల గందరగోళం గురించి. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (ఎంఐఎస్), ఐటీ మేనేజ్‌మెంట్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, బిజినెస్ అనలిటిక్స్ అని పేర్లు రకరకాలుగా ఉంటాయి. కార్నెగీ మెలన్ హైన్జ్ కాలేజీలో ఈ మాస్టర్స్ పేరు ఎంఐఎస్ఎం, అది మామూలుగా 16 నెలలు, మధ్య వేసవిలో ఇంటర్న్‌షిప్. అనుభవం ఉన్నవాళ్ళకి 12 నెలల దారి కూడా ఉంది. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో 36 క్రెడిట్లు, రెండేళ్ళు. పేరు కంటే ముఖ్యమైనది మీ ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) మీద ఉండే సీఐపీ కోడ్, అంటే ఆ చదువు ఏ రకానిదో చెప్పే అంకె. చదువు అయ్యాక అందరికీ 12 నెలల ఓపీటీ, అంటే చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, వస్తుంది. మీ కోడ్ అమెరికా ప్రభుత్వపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. మా రోజుల్లో అది 17 నెలలే, 2016 మేలో 24 చేశారు. బిజినెస్ స్కూల్లో ఉండే కోర్సులకి కోడ్ సాధారణంగా 52తో మొదలవుతుంది, వాటిలో కొన్నే ఆ జాబితాలో ఉన్నాయి. 11.0401, 52.1301 ఉన్నాయి. ఒకే పేరున్న కోర్సుకి రెండు చోట్ల రెండు కోడ్‌లు ఉండొచ్చు. డబ్బు కట్టకముందే ఆ కోడ్ ఏమిటో విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి అడగండి, జాబితా తెరిచి మీ కళ్ళతో చూసుకోండి. ఓపీటీకి చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందునుంచి, ముగిశాక 60 రోజుల లోపు దరఖాస్తు పెట్టాలి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు, స్టెమ్ పొడిగింపు వస్తే కలిపి 150. ఆ లెక్క క్యాలెండర్‌లో రాసుకోండి.

డబ్బు సంగతి మీ అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడండి. నాకు సీటొచ్చిన మార్చిలో డాలరు 54 రూపాయలు. ఆగస్టు 28న 68 దాటింది. నాన్న మళ్ళీ బ్యాంకుకి పరుగెత్తాల్సి వచ్చింది, ఆయన ఆ వారం అన్నం సరిగ్గా తినలేదని అమ్మ తర్వాత చెప్పింది. లోను ఒకేసారి మంజూరవుతుంది గానీ ప్రతి సెమిస్టర్ ఫీజూ ఆ రోజు ధరకే కడతారు. ఇవాళ్టి ధరతో రెండేళ్ళ లెక్క వేసి సరిపెట్టుకోవద్దు. కుదిరితే చదివే కాలంలోనే నెలనెలా వడ్డీ కట్టించండి, అసలు మొత్తం పెరగకుండా ఉంటుంది.

వీసాకి మన పిల్లలు చాలామంది మడివాళలో రాత్రి బస్సెక్కి చెన్నై వెళ్తారు, జెమిని ఫ్లైఓవర్ దగ్గర కాన్సులేట్‌కి. అక్కడ మాట్లాడేది రెండు మూడు నిమిషాలే. ఈ కోర్సే ఎందుకని అడిగితే బట్టీ పట్టిన వాక్యాలు వద్దు. మీ ఆఫీసులో మీరు చూసిన ఒక చిక్కు, దానికి ఈ చదువులో ఏం వెతుక్కుంటున్నారో చెప్పండి. మీ సొంత పని గురించి చెప్పేటప్పుడు గొంతు తడబడదు.

ఒక్క విషయం భయపెట్టైనా చెప్పాలి. సీపీటీ (చదువుతుండగానే, కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయడం మంచిదే, మామూలుగా ఒక విద్యాసంవత్సరం చదివాక వస్తుంది. పూర్తికాలం సీపీటీ 12 నెలలు వాడేస్తే ఓపీటీ పోతుంది. క్లాసులకి రానక్కర్లేదు, మొదటిరోజు నుంచే ఉద్యోగం చేసుకోమనే విశ్వవిద్యాలయానికి మాత్రం ఎవరెంత చెప్పినా మారకండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం కేసులో మూతపడినప్పుడు, ఎక్కడున్నారో కనిపెట్టడానికి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టించుకున్న పిల్లల్లో మనవాళ్ళే ఎక్కువ. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అధికారులే పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయంలో దొరికిందీ ఎక్కువగా మన పిల్లలే. వాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కాదు, లోను భయంతో ఉన్నవాళ్ళు. ఆ భయం వచ్చిన రోజు సీనియర్లకి కాకుండా ముందు మీ క్యాంపస్‌లోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళండి.

గది, గిన్నెలు, కుక్కర్, పచ్చళ్ళ గురించి సీనియర్లు చెప్తారు, డాలస్ చుట్టుపక్కలైతే గోంగూర కూడా దొరుకుతుంది.

వెళ్ళేలోపు ఇంకా రెండు నెలలుంది కదా, ఏం చదవమంటావని నలుగురూ అడిగారు. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ చేతికి రావాలి, అది సరే. దానికన్నా ముందు, ఇప్పుడు మీరు చేస్తున్న పని ఎక్కడ మొదలై ఎవరి దగ్గర ఆగుతుందో అడిగి తెలుసుకుని ఒక కాగితం మీద గీయండి అన్నాను. కంపెనీ కాగితాలు, తెరల ఫొటోలు బయటికి తేవద్దు. మీకు అర్థమైంది మీ మాటల్లో చాలు.

శుక్రవారం రాత్రి ఖమ్మం అబ్బాయి కాగితం తెచ్చాడు. వాళ్ళది ఒక ఇన్సూరెన్స్ క్లెయిముల వ్యవస్థ. ఆసుపత్రి నుంచి బిల్లు రావడం దగ్గర్నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా తొమ్మిది పెట్టెలు గీశాడు. ఆరోదీ ఏడోదీ ఖాళీగా ఉన్నాయి. "ఇక్కడ ఎవరో మనిషి చూసి ఊ కొడతారక్కా, ఎవరో మా లీడ్‌కి కూడా తెలియదట. సోమవారం కాల్‌లో క్లయింటునే అడుగుతానన్నాను" అన్నాడు. ఆ రెండు పెట్టెలూ అలాగే ఉంచమని, కాగితం మడిచి వాడి చేతికే ఇచ్చాను.